వరల్డ్ గేమ్స్‌లో సుమో

సుమో జపాన్‌లో పుట్టి పెరిగిన మల్లక్రీడ. గుండ్రంగా గిరి గీసిన బరిలో ఇద్దరు మల్లులు తలపడతారు. గిరి దాటి అడుగు పడినా, అరికాళ్లు తప్ప ఒంట్లో మరే భాగం నేలను తాకినా ఓడినట్టే. ఈ క్రీడను డబ్బు కోసం కాకుండా పోటీ కోసం ఆడే రూపాన్ని అమెచ్యూర్ సుమో అంటారు. ఒలింపిక్స్‌లో చోటు లేని క్రీడలకు నాలుగేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ బహుక్రీడోత్సవం వరల్డ్ గేమ్స్. అందులో సుమో తొలిసారి 2001లో జపాన్‌లోని అకితా నగరంలో కనిపించింది. తర్వాత 2005లో జర్మనీలోని డూయిస్‌బర్గ్, 2009లో తైవాన్‌లోని కావ్‌శ్యుంగ్, 2013లో కొలంబియాలోని కాలీ, 2017లో పోలండ్‌లోని వ్రోత్స్‌వావ్, 2022లో అమెరికాలోని బర్మింగ్‌హామ్ నగరాల్లో జరిగిన క్రీడల్లోనూ కొనసాగింది.

సుమో అనగానే కళ్ల ముందు మెదిలేది సిగముడి వేసుకుని, గుప్పెట్లతో ఉప్పు చల్లుతూ బరిలోకి దిగే భారీకాయుడు. అది వృత్తి సుమో. వరల్డ్ గేమ్స్‌లో కనిపించే సుమోలో సిగముడి ఉండదు, ఉప్పు చల్లడం ఉండదు. భారీకాయం కూడా అందరికీ ఉండదు. 65 కిలోల లోపు మహిళలు, 85 కిలోల లోపు పురుషులు అక్కడ విజేతలవుతారు. ఆ సుమోను వృత్తి సుమోకు చిన్నచెల్లెలిగా చూసేవాళ్లు జపాన్‌లోనే చాలామంది ఉన్నారు. ఆ చూపు సరైనది కాదు. గిరి ఒకటే, పట్లు ఒకటే. కానీ ఎవరు ఆడవచ్చన్న ప్రశ్నకు ఈ రెండూ ఇచ్చే జవాబులు పూర్తిగా వేరు.

వృత్తి సుమో, అమెచ్యూర్ సుమో

సుమో మూలాలు జపాన్ పురాణగాథల్లో ఉన్నాయి. ఎనిమిదో శతాబ్దంలో కూర్చిన చరిత్ర గ్రంథాల్లో దేవతల మల్లయుద్ధం, నొమి నో సుకునే అనే వీరుడి కుస్తీ కథ కనిపిస్తాయి. రాజాస్థానంలో వేడుకగా, గుళ్లలో పంట బాగా పండాలని చేసే మొక్కుగా సాగిన ఈ క్రీడ ఎడో కాలానికి టికెట్ కొని చూసే వృత్తి క్రీడగా స్థిరపడింది. నేటి వృత్తి సుమోను జపాన్ సుమో సంఘం నడుపుతుంది. ఏడాదికి ఆరు ప్రధాన పోటీలు జరుగుతాయి, ఒక్కొక్కటి పదిహేను రోజులు. మల్లులంతా ‘హెయా’ అనే శిక్షణాలయాల్లో గురువు దగ్గరే ఉండి, అక్కడే తిని, అక్కడే పడుకుంటారు. వంట, ఇల్లు ఊడవడం, పెద్ద మల్లులకు సేవ చేయడం కొత్తవాళ్ల వంతు. ఒక్కో హెయాలో ఒక్క విదేశీయుడికే చోటు. బరువు తరగతులు లేవు. మహిళలకు ప్రవేశం లేదు.

అమెచ్యూర్ సుమోకు ఇల్లు బడి, కళాశాల, కంపెనీ క్లబ్బు. దాన్ని చూసుకునే జపాన్ సుమో సమాఖ్య 1946లో ఏర్పడింది. దానికీ వృత్తి సంఘానికీ సంబంధం లేకపోలేదు, కానీ రెండు సంస్థలూ వేరు. ఏటా డిసెంబరులో జరిగే అఖిల జపాన్ పోటీలో గెలిచినవాడికి ‘అమెచ్యూర్ యొకొజునా’ అనే బిరుదు దక్కుతుంది; యొకొజునా అంటే వృత్తి సుమోలో అత్యున్నత హోదా. నిహోన్ విశ్వవిద్యాలయం, నిప్పోన్ క్రీడాశాస్త్ర విశ్వవిద్యాలయం వంటి చోట్ల సుమో జట్లకున్న పేరు మామూలుది కాదు. అక్కడ రాణించినవారు వృత్తిలోకి వెళ్తే అట్టడుగు నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. కింది మెట్లు దాటించి వాళ్లను మూడో శ్రేణిలో నేరుగా దించే పద్ధతి ఉంది. అయితే వృత్తిలోకి ఒకసారి వెళ్లాక అమెచ్యూర్ బరి మూసుకున్నట్టే. అందుకే వరల్డ్ గేమ్స్‌లో టీవీలో రోజూ కనిపించే పేరున్న మల్లులు ఉండరు. వృత్తిలోకి ఇంకా వెళ్లనివాళ్లు, వెళ్లదలచుకోనివాళ్లు, వెళ్లే దారే లేనివాళ్లు ఉంటారు.

సుమో జపాన్ దాటడం మొదట వలసలతో జరిగింది. హవాయి చెరకు తోటలకు, బ్రెజిల్ కాఫీ తోటలకు వెళ్లిన జపాన్ కూలీలు సుమోను వెంట తీసుకెళ్లారు. జపాన్ వలసదారులతో తొలి ఓడ కసాతో మారు 1908లో బ్రెజిల్ చేరింది. సావో పౌలో నగరంలో ఈనాటికీ నగరపాలక సంస్థ సుమో శాల ఉంది. జపాన్ మూలాలున్నవారితో పాటు లేనివారూ అక్కడ సాధన చేస్తారు. రెండో అల ఇరవయ్యో శతాబ్దం చివర్లో వచ్చింది. అంతర్జాతీయ సుమో సమాఖ్య 1992లో ఏర్పడింది, అదే ఏడాది తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. జపాన్ వెలుపల తొలి ప్రపంచ పోటీలు 1999లో జర్మనీలోని రీసా పట్టణంలో జరిగాయి. 1998లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ సమాఖ్యకు తాత్కాలిక గుర్తింపు ఇచ్చింది. అదే ఏడాది నగానో శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో హవాయిలో పుట్టిన యొకొజునా అకెబోనో బరి ప్రవేశ క్రతువు చేశాడు. ఒలింపిక్ వేదికపై సుమోకు దక్కిన గౌరవం ఇప్పటికి ఆ వేడుక వరకే.

బరి, ఆట తీరు

బరిని ‘దొహ్యో’ అంటారు. మట్టి కుక్కి గడ్డితో చుట్టిన బస్తాలను సగం వరకు నేలలో పాతి గిరి చేస్తారు. దాని వ్యాసం 4.55 మీటర్లు. వృత్తి సుమోలో ఈ కొలత 1931 నుంచి అమల్లో ఉంది, అంతర్జాతీయ పోటీలూ దీన్నే పాటిస్తాయి. వృత్తి సుమోలో బరి ఎత్తైన మట్టి అరుగు. ప్రతి పదిహేను రోజుల పోటీకి ముందు దాన్ని కొత్తగా కొట్టి, పూజ చేసి సిద్ధం చేస్తారు. పడినవాడు ఆ అరుగు మీద నుంచి కింద కూర్చున్న ప్రేక్షకుల మీదికే దొర్లిపోవచ్చు. వరల్డ్ గేమ్స్‌లో అలాంటి అరుగు కట్టే వీలుండదు. ఒక హాలులో ఇవాళ సుమో అయితే రేపు మరో ఆట. కాబట్టి మెత్తని చాపల మీద, విడదీసి మళ్లీ అమర్చే గిరితో బరి తయారవుతుంది. చూపుకు ఆ గాంభీర్యం తగ్గుతుంది, నిజమే. మోకాళ్లకు, భుజాలకు మాత్రం అది ఎంతో మేలు.

మల్లులు నడుముకు కట్టుకునే మందపాటి గోచీ పేరు ‘మవాషి’. ఆట మొత్తం దాని చుట్టూ తిరుగుతుంది, ఎందుకంటే పట్టు దొరికేది దాని మీదే. అమెచ్యూర్ల మవాషి తెల్లని గట్టి నూలు గుడ్డ. లోపల బిగుతైన నిక్కరు వేసుకోవడానికి అంతర్జాతీయ నియమాలు ఒప్పుకుంటాయి. మహిళలు ఒంటికి అతుక్కునే దుస్తుల మీద మవాషి కట్టుకుంటారు. వృత్తి సుమోలో న్యాయనిర్ణేత వేసుకునే పట్టు అంగరఖా, చేతిలో పట్టుకునే విసనకర్ర వరల్డ్ గేమ్స్‌లో ఉండవు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మెడకు నల్లని బో టై కట్టుకున్న రిఫరీ బరిలో నిలబడతాడు. గిరి చుట్టూ కూర్చున్న న్యాయనిర్ణేతలు అనుమానం వచ్చినప్పుడు చేయెత్తి, మధ్యలో గుమిగూడి, మాట్లాడుకుని తీర్పు చెబుతారు. ఎవరు ముందు పడ్డారో తేలకపోతే పోటీ మళ్లీ పెడతారు.

వదిలేసినవి చాలానే ఉన్నా కొన్ని ఆచారాలను సమాఖ్య గట్టిగా పట్టుకుంది. బరిలోకి వచ్చేముందు తల వంచి నమస్కరించడం, మునివేళ్ల మీద గొంతుకూర్చోవడం, రెండు చేతులూ చాచి అరచేతులు తిప్పి ఆయుధం ఏదీ లేదని చూపడం ఇప్పటికీ తప్పనిసరి. గెలిచాక కేకలు వేయడం, పిడికిలి ఊపడం మర్యాద కాదు. ఓడినవాడితో పాటు గెలిచినవాడూ నమస్కరించే బరి దిగాలి. మన అఖాడాల్లో బరి మట్టిని కళ్లకద్దుకుని దిగే పహిల్వాన్లను చూసినవారికి ఇది ఆశ్చర్యంగా అనిపించదు.

ఆట మొదలయ్యే తీరులో ఒక పెద్ద తేడా ఉంది. వృత్తి సుమోలో మొదలుపెట్టమని ఎవరూ చెప్పరు. ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ, ఊపిరి కలిసినప్పుడు, చేతులు నేలకానించి ఒక్కసారిగా లేస్తారు. అంతకుముందు ఎదురెదురుగా కూర్చోవడం, లేవడం, ఉప్పు చల్లడం అగ్రశ్రేణిలో నాలుగు నిమిషాల దాకా సాగవచ్చు. రేడియో ప్రసారం మొదలైన 1928కి ముందు దానికి గడువే లేదు. వరల్డ్ గేమ్స్‌లో అంత సమయం ఎవరికీ లేదు. ఇద్దరూ రెండు చేతులూ నేలకానించి కదలకుండా ఉండాలి, రిఫరీ పిలుపు వినగానే లేవాలి. దీనివల్ల దొంగ ఆరంభాలు తగ్గాయి. భాష, సంప్రదాయం తెలియని దేశాలవాళ్లకూ ఆరంభం సమానమైంది. అయితే రెండు మనసులు ఒకేసారి సిద్ధమయ్యే ఆ ఉత్కంఠ పోయింది. సుమోను ప్రేమించేవారికి అది చిన్న నష్టం కాదు.

లేచిన క్షణంలో జరిగే ఢీకొట్టుడును ‘తాచియై’ అంటారు. సగం పోటీలు అక్కడే తేలిపోతాయని అనుభవజ్ఞులు చెబుతారు. ఎదుటివాడి ఛాతీ కిందికి భుజం దూర్చి, మవాషి మీద రెండు చేతులతో పట్టు బిగించి, అడుగులు నేలను రాస్తూ గిరి బయటికి నడిపించుకుపోవడం ‘యొరికిరి’. పట్టు లేకుండా అరచేతులతో తోసుకుంటూ వెళ్లడం ‘ఒషిదాషి’. ముందుకు దూకిన ప్రత్యర్థిని పక్కకు తప్పుకుని మెడ మీద చరిచి బోర్లా పడేయడం ‘హతకికోమి’. చేయి పైనుంచి వేసిన పట్టుతో తిప్పి పడేయడం ‘ఉవతెనగే’. గెలుపు పట్లు మొత్తం 82 అని వృత్తి సంఘం లెక్క కట్టింది. పిడికిలితో గుద్దడం, జుట్టు లాగడం, కళ్లలో పొడవడం, గొంతు నులమడం, కడుపులో తన్నడం, మవాషిలో కాళ్ల మధ్య నిలువుగా ఉండే భాగాన్ని పట్టుకోవడం నిషిద్ధం. పెద్దల పోటీ అయిదు నిమిషాల్లో తేలకపోతే ఆపి మళ్లీ పెడతారు. నిజానికి చాలా పోటీలు పది సెకన్లు కూడా సాగవు.

బరువు తరగతులు, ఓపెన్ విభాగం

వృత్తి సుమోలో బరువు తరగతులు లేకపోవడం ఒక లోపం కాదు, అది ఆ క్రీడ నమ్మకం. చిన్నవాడు పెద్దవాడిని పడేస్తేనే ఆటకు అందం. నిహోన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మైనౌమీకి వృత్తిలో చేరడానికి కావలసిన ఎత్తు లేదు. నడినెత్తిన చర్మం కింద సిలికాన్ పెట్టించుకుని ఆ కొలత అందుకున్నాడు. 1990ల్లో తనకు రెట్టింపు బరువున్న మల్లులను పడేసి జనం గుండెల్లో నిలిచాడు. కానీ ఒక మైనౌమీ వెనుక బరువు చాలక వెనుదిరిగిన వందలాది కుర్రాళ్లుంటారు. ప్రపంచమంతా ఆడే క్రీడ కావాలంటే బరువు పెంచుకోవడాన్ని అర్హతగా పెట్టడం కుదరదు.

అందుకే అంతర్జాతీయ సమాఖ్య తరగతులు పెట్టింది. వరల్డ్ గేమ్స్‌లో చాలాకాలం నడిచిన పద్ధతిలో పురుషులకు 85 కిలోల లోపు తేలిక విభాగం, 115 కిలోల లోపు మధ్య విభాగం, ఆపైన భారీ విభాగం. మహిళల తేలిక విభాగం 65 కిలోల లోపు, మధ్య విభాగం 80 కిలోల లోపు, ఆపైన భారీ విభాగం. ఇవి కాక ఇద్దరికీ ఓపెన్ విభాగం, అంటే ఏ బరువువాళ్లైనా దిగవచ్చు. ప్రపంచ పోటీల్లో జట్ల పోటీలూ ఉంటాయి. వరల్డ్ గేమ్స్‌లో వ్యక్తిగత పోటీలే ప్రధానం.

తేలిక విభాగం చూసినవారికి సుమో మీదున్న అభిప్రాయం మారిపోతుంది. అక్కడ బరువుతో నెట్టేయడం కుదరదు. కాలు మెలి వేయడం, ఒక కాలు ఎత్తిపట్టి పడేయడం, గిరి అంచున మడమ ఆనించి ఎదుటివాడి ఊపును వాడి మీదికే తిప్పడం వంటి పట్లు ఎక్కువ. జూడో, కుస్తీ నేర్చి వచ్చినవాళ్లకు ఈ విభాగం బాగా కలిసొస్తుంది. నడుము తిరిగే వేగం, పాదాల నిలకడ అక్కడ బయటపడతాయి.

అయినా ఈ వ్యాసకర్త దృష్టిలో వరల్డ్ గేమ్స్ సుమోకు ఆయువుపట్టు ఓపెన్ విభాగమే. తేలిక విభాగంలో పతకం గెలిచినవాళ్లు కూడా మళ్లీ ఇందులో దిగవచ్చు. నూట యాభై కిలోల వాడి ఎదురుగా ఎనభై కిలోల వాడు గొంతుకూర్చున్నప్పుడు హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమవుతుంది. ఎక్కువసార్లు పెద్దవాడే గెలుస్తాడు. చిన్నవాడు గెలిచిన ఆ ఒక్కసారీ ప్రేక్షకులు కుర్చీల్లో ఆగరు. బరువు తరగతులతో న్యాయాన్నీ, ఓపెన్ విభాగంతో పాత సుమో నమ్మకాన్నీ ఒకే పోటీలో నిలబెట్టడం సమాఖ్య చేసిన మంచి పని.

భారీ విభాగంలో తొలినాళ్లలో ప్రపంచానికి తెలిసిన పేరు అమెరికాకు చెందిన ఎమాన్యుయేల్ యార్‌బ్రో. 1995లో ప్రపంచ అమెచ్యూర్ విజేత. మూడువందల కిలోలు దాటిన బరువుతో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కాడు. ఆయన పుణ్యమా అని అమెరికాలో చాలామందికి అమెచ్యూర్ సుమో ఒకటుందని తెలిసింది. అయితే సుమో అంటే బరువే అన్న అపోహ బలపడడంలో కూడా ఆ ఫొటోలకు వాటా ఉంది. 2015లో ఆయన మరణించాడు.

మహిళల సుమో

వృత్తి సుమో బరిని స్త్రీ తాకకూడదు. షింటో ఆచారం ప్రకారం అది అశుచి అన్నది అందుకు చెప్పే కారణం. 2000లో ఒసాకా గవర్నరుగా ఎన్నికైన ఒహ్తా ఫుసాయె తన నగరంలో జరిగిన పోటీ విజేతకు బరి ఎక్కి బహుమతి ఇస్తానంటే సంఘం ఒప్పుకోలేదు. 2018 ఏప్రిల్‌లో మైజురు పట్టణంలో ప్రసంగిస్తూ మేయరు బరి మీదే కుప్పకూలాడు. ప్రథమ చికిత్స చేయడానికి బరెక్కిన మహిళలను దిగిపొమ్మని రిఫరీ మైకులో ప్రకటించాడు. దేశమంతా దుమారం రేగింది, సంఘం అధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు. నియమం మాత్రం మారలేదు. ప్రాణం కాపాడే చేతులను కూడా అశుచిగా చూసిన ఆ ప్రకటనను సంప్రదాయం పేరుతో సమర్థించడం ఎవరికీ సాధ్యం కాదు.

అమెచ్యూర్ బరి కథ వేరు. జపాన్‌లో మహిళల సుమో సమాఖ్య 1996లో ఏర్పడింది, మరుసటి ఏడాది జాతీయ పోటీలు మొదలయ్యాయి. 2001లో అఒమొరి ప్రాంతంలోని హిరొసాకిలో మహిళల తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. ఒలింపిక్ గుర్తింపు కావాలంటే మహిళలకు చోటివ్వక తప్పదన్న లెక్క దీని వెనుక ఉంది. లెక్క ఏదైనా, ఫలితం గొప్పది. వరల్డ్ గేమ్స్‌లో పురుషులకు నాలుగు పోటీలైతే మహిళలకూ నాలుగు. అదే గిరి, అవే నియమాలు, అదే పతకం.

మహిళల సుమోలో జూడో, కుస్తీల నుంచి వచ్చినవారు చాలామంది. జర్మనీకి చెందిన సాండ్రా కోపెన్ ఒలింపిక్స్‌లో జూడో ఆడింది, సుమోలోనూ ప్రపంచ స్థాయి విజేత. ఎస్టోనియాకు చెందిన ఎప్ మాయె ఒలింపిక్ కుస్తీలో దిగింది, అంతకుముందు సుమో బరిలో పేరు తెచ్చుకుంది. రష్యా, ఉక్రెయిన్, మంగోలియా మహిళలు ఏళ్ల తరబడి పతకాల పట్టికలో పైన నిలిచారు. జపాన్ నుంచి అందరికీ తెలిసిన పేరు కోన్ హియోరి. అఒమొరి ప్రాంతంలో పుట్టి, చిన్నప్పుడే అన్న వెంట బరిలోకి దిగి, రిత్సుమేకన్ విశ్వవిద్యాలయంలో చదువుతూ ప్రపంచ పోటీల్లో రజతం గెలిచింది. ఆమె మీద తీసిన ‘లిటిల్ మిస్ సుమో’ డాక్యుమెంటరీ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాక జపాన్ బయటి వాళ్లకు ఈ విషయం అర్థమైంది: జపాన్‌లో మగపిల్లవాడికి సుమో ఒక బతుకుదెరువు కాగలదు, ఆడపిల్లకు చదువు పూర్తవగానే ముగిసిపోతుంది.

అకితా నుంచి బర్మింగ్‌హామ్ దాకా

వరల్డ్ గేమ్స్ 1981లో అమెరికాలోని శాంటా క్లారాలో మొదలయ్యాయి. సాధారణంగా వేసవి ఒలింపిక్స్ మరుసటి ఏడాది జరుగుతాయి. ఆతిథ్య నగరం కొత్త స్టేడియాలు కట్టాల్సిన పని లేదు, ఉన్న హాళ్లే చాలు. బ్యాడ్మింటన్, తైక్వాండో, ట్రయథ్లాన్, స్పోర్ట్ క్లైంబింగ్ ఇక్కడ ఆడి తర్వాత ఒలింపిక్స్‌లోకి వెళ్లాయి. తాడులాగుడు పోటీ ఒకప్పుడు ఒలింపిక్స్‌లో ఉండి, 1920 తర్వాత బయటికి వచ్చి, ఇప్పుడు ఇక్కడ ఆడుతోంది. సుమో సమాఖ్య ఈ వేదిక మీదికి వచ్చింది మొదటి దారి పట్టాలన్న ఆశతోనే.

అకితా క్రీడలు జపాన్ ఉత్తరాన, సుమో వేళ్లూనిన తొహోకు ప్రాంతంలో జరిగాయి. డూయిస్‌బర్గ్‌లో అసలైన పరీక్ష ఎదురైంది. సుమో అంటే టీవీలో చూసిన వింతగా మాత్రమే తెలిసిన జనం ముందు మొదటిసారి జపాన్ బయట వరల్డ్ గేమ్స్ బరి పరిచారు. అప్పటికే రీసాలో రెండుసార్లు ప్రపంచ పోటీలు జరిగి ఉండడం, తూర్పు ఐరోపా జట్లు బలంగా ఉండడం కలిసొచ్చాయి. కావ్‌శ్యుంగ్, కాలీ, వ్రోత్స్‌వావ్‌లలో ఆ క్రమం కొనసాగింది. పోలండ్‌కు సుమో కొత్త కాదు. అక్కడి క్రోతోషిన్ అనే చిన్న పట్టణం ఐరోపా సుమోకు కేంద్రంగా పేరు తెచ్చుకుంది. 2024 ప్రపంచ పోటీలు అక్కడే జరిగాయి.

బర్మింగ్‌హామ్ క్రీడలు కరోనా వల్ల ఏడాది వాయిదా పడి 2022 జులైలో జరిగాయి. ఉక్రెయిన్ మీద యుద్ధం కారణంగా రష్యా, బెలారస్ క్రీడాకారులను అనుమతించలేదు. సుమోలో రష్యా లేకపోవడం చిన్న మార్పు కాదు. ఉక్రెయిన్ మల్లులు మాత్రం యుద్ధం మధ్య నుంచే వచ్చి పతకాలు గెలిచారు. జపాన్ జట్టులో అప్పటికి విద్యార్థిగా ఉన్న నకమురా దైకి కూడా ఉన్నాడు. మరుసటి ఏడాది మేలో ఓనొసాతో అనే పేరుతో వృత్తిలో చేరాడు. ఏడాది తిరిగేసరికి అగ్రశ్రేణి టైటిల్, 2025 మే పోటీ తర్వాత 75వ యొకొజునా స్థానం. వరల్డ్ గేమ్స్ బరి మీద అతన్ని చూసినవాళ్లు మూడేళ్లలో అతన్ని సుమో శిఖరం మీద చూశారు.

ఇలాంటి కథలు మరికొన్ని ఉన్నాయి. ఉక్రెయిన్‌లోని విన్నిత్సియాలో పుట్టిన దనీలో యవ్హుసిషిన్ 2019లో ఒసాకా ప్రాంతంలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీల్లో కాంస్యం గెలిచాడు. అక్కడ కలిసిన ఒక జపాన్ విద్యార్థితో స్నేహం కుదిరింది. 2022లో యుద్ధం మొదలయ్యాక ఆ స్నేహితుడి సాయంతోనే జపాన్ చేరాడు. అఓనిషికి అనే పేరుతో వృత్తిలో దిగి 2025 నవంబరులో అగ్రశ్రేణి విజేత అయ్యాడు, యొకొజునా తర్వాతి స్థానమైన ఓజెకి హోదా పొందాడు. బల్గేరియా నుంచి కొతోఓషూ, ఎస్టోనియా నుంచి బరూటో, ఈజిప్టు నుంచి ఓసునఅరాషి అంతకుముందే ఆ దారి వేశారు. అమెచ్యూర్ పోటీలు లేకపోతే వీళ్లలో చాలామంది సుమో పేరు కూడా వినేవాళ్లు కారు.

మంగోలియా విషయం కాస్త వేరు. అక్కడి సంప్రదాయ కుస్తీ ‘బోఖ్’ సుమోకు దగ్గరి చుట్టం. బోఖ్ నేర్చినవాడికి మవాషి పట్టు కొత్తగా ఉండదు. జార్జియా, రష్యాలోని కాకసస్ ప్రాంతాలవాళ్లకూ తమ తమ జానపద కుస్తీలే పునాది. అందుకే అంతర్జాతీయ సుమోలో గెలుపు జపాన్‌కు ఏకపక్షం కాదు.

భారతదేశం

భారత్‌లో సుమో చాలా చిన్నస్థాయిలో ఉంది. ముంబయికి చెందిన జూడో క్రీడాకారిణి హేతల్ దవే దేశంలో తొలి మహిళా సుమో మల్లురాలిగా 2008లో లిమ్కా రికార్డుల పుస్తకంలోకెక్కింది. 2009లో కావ్‌శ్యుంగ్ వరల్డ్ గేమ్స్‌లో ఆడింది. దేశంలో ఆమెకు తోడుగా సాధన చేసే అమ్మాయిలు దాదాపు లేరు. కాబట్టి మగవాళ్లతోనే సాధన చేసింది. డబ్బు, గుర్తింపు రెండూ కొరవడిన ఆ ప్రయాణం ఆధారంగా తీసిన ‘సుమో దీదీ’ సినిమా 2023లో టోక్యో చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది.

వరల్డ్ గేమ్స్‌తో తెలుగువారికి ఉన్న గట్టి బంధం విలువిద్య ద్వారా వచ్చింది. 2022 బర్మింగ్‌హామ్ క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ, అభిషేక్ వర్మతో కలిసి కాంపౌండ్ మిక్స్‌డ్ విభాగంలో కాంస్యం గెలిచింది. ఇక సుమో విషయానికొస్తే, మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడి పేరు ఇప్పటికీ తలచుకునే ఉత్తరాంధ్రలో, దసరాకు కుస్తీ పోటీలు జరిగే ఊళ్లలో సుమోకు కావలసిన శరీరాలూ, పట్టూ ఉన్నాయి. కావలసింది ఒక శిక్షకుడు, నాలుగు చాపలు.

ఒలింపిక్స్ తలుపు దగ్గర

టోక్యో 2020 ఒలింపిక్స్‌లో అదనపు క్రీడలను ఎంచుకునే అవకాశం ఆతిథ్య నగరానికి వచ్చినప్పుడు 26 సమాఖ్యలు దరఖాస్తు చేశాయి. సుమో వాటిలో ఒకటి. 2015లో ఎనిమిది క్రీడల తుది జాబితా వెలువడింది. అందులో సుమో లేదు. బేస్‌బాల్, కరాటే, స్కేట్‌బోర్డింగ్, స్పోర్ట్ క్లైంబింగ్, సర్ఫింగ్ చివరికి ఎంపికయ్యాయి. సొంత గడ్డ మీద, సొంత రాజధానిలో చోటు దక్కకపోవడం అంతర్జాతీయ సుమోకు పెద్ద దెబ్బ. యువతను ఆకర్షించే, వీధుల్లో ఆడే క్రీడల వైపు ఒలింపిక్ కమిటీ మొగ్గిన కాలమది.

తర్వాతి దెబ్బ వరల్డ్ గేమ్స్ నుంచే తగిలింది. 2025 ఆగస్టులో చైనాలోని చెంగ్దూలో జరిగిన క్రీడల కార్యక్రమంలో సుమో లేదు. 2001 నుంచి ఆరుసార్లు వరుసగా ఉన్న క్రీడకు అది తొలి విరామం.

ఇతర బహుక్రీడల వేదికలు లేకపోలేదు. యుద్ధక్రీడలకే ప్రత్యేకంగా పెట్టిన వరల్డ్ కాంబాట్ గేమ్స్‌లో 2010 బీజింగ్, 2013 సెయింట్ పీటర్స్‌బర్గ్, 2023 రియాద్ మూడింటిలోనూ సుమో ఉంది. ప్రపంచ పోటీలు 2023లో టోక్యో శివారు తచికావాలో, మరుసటి ఏడాది క్రోతోషిన్‌లో జరిగాయి. వాటిని చూసేది ఎక్కువగా సుమో అభిమానులే. వేరే క్రీడ కోసం వచ్చి పక్క హాలులో సుమోకు తగులుకునే ప్రేక్షకుడు బహుక్రీడోత్సవంలోనే దొరుకుతాడు.

వరల్డ్ గేమ్స్‌లో వచ్చిన ఆ విరామం ప్రభావం అందరి మీదా ఒకేలా పడదు. ప్రతిభ ఉన్న మగ మల్లుడికి వరల్డ్ గేమ్స్ తప్పినా వృత్తి సుమో దారి ఉంటుంది. అఓనిషికి ఒక్క జూనియర్ పతకంతో ఆ దారి పట్టగలిగాడు. ఉక్రెయిన్‌లోనో మంగోలియాలోనో సాధన చేసే అమ్మాయికి ఆ దారి లేదు. సొంత దేశపు క్రీడాశాఖ ఉద్యోగమో, శిక్షణ ఖర్చో ఇవ్వాలంటే అడిగేది ఒలింపిక్ కమిటీ గుర్తించిన వేదిక మీద గెలిచిన పతకం. సుమోలో ఆమెకు ఇప్పటిదాకా దొరికిన అలాంటి అతిపెద్ద వేదిక వరల్డ్ గేమ్స్.